ఊదే పరీక్ష, జాడించే పరీక్ష

అందరికీ నమస్కారం. ముందుగా ఆన్‌లైన్‌లో చూస్తున్నవాళ్లకు. సిస్టిక్ ఫైబ్రోసిస్, పొట్టిగా సీఎఫ్, పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు; కఫం జిగటగా మారి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఇద్దరు ఒకే గదిలో కూర్చుంటే, ఒకరి ఊపిరితిత్తుల్లోని బ్యాక్టీరియా ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే ఈ హాల్లో తల్లిదండ్రులు, ఫిజియోథెరపిస్టులు, నర్సులు కూర్చున్నారు. మనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో వాళ్లు మాత్రం ఇళ్లలో ఉండి వింటున్నారు.

నేను డాక్టర్‌ని కాను. ఊపిరి పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. ఈ పనిలో చేరిన కొత్తల్లో చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. ఎనిమిదేళ్ల పాప. స్పైరోమెట్రీలో, అంటే ఊదే పరీక్షలో, 98 శాతం వచ్చింది. "ఊపిరితిత్తులు ఫస్ట్‌క్లాస్‌గా ఉన్నాయమ్మా, టెన్షన్ పడకండి" అని వాళ్లమ్మతో అనేశాను. కొన్నాళ్లకు తీసిన సీటీ స్కాన్‌లో కొన్ని శ్వాసనాళాలు వెడల్పైపోయి, కఫం పేరుకుని కనిపించింది. యంత్రం తప్పు చెప్పలేదు. అది ఒక ప్రశ్నకు జవాబిస్తే, నేను దాన్ని వేరే ప్రశ్నకు జవాబుగా చెప్పాను.

స్పైరోమెట్రీ అడిగేది ఒక్కటే: గాలి ఎంత జోరుగా బయటికి వస్తోంది? 1846లో లండన్‌లో జాన్ హచిన్‌సన్ అనే వైద్యుడు రెండు వేలమందికి పైగా మనుషుల చేత నీటి తొట్టిలో బోర్లించిన డ్రమ్ములోకి ఊదించి, గాలిని కొలిచాడు. ఇప్పుడా తొట్టి పోయి చేతిలో పట్టే యంత్రం వచ్చింది కానీ, ఊదడం మాత్రం అదే. గుండె నిండా పీల్చుకుని, మొదటి సెకనులో ఎంత గాలి బయటికి నెట్టగలిగారన్నదే ఎఫ్‌ఈవీ1. వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవి చూసి, అలాంటి ఆరోగ్యవంతులతో పోల్చి శాతం చెబుతాం.

సీఎఫ్‌లో ఆ అంకెకు ఎందుకంత విలువో చెప్పాలి. 1992లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎఫ్‌ఈవీ1 30 శాతం కంటే కిందికి పడినవాళ్లలో రెండేళ్ల లోపు చనిపోయినవాళ్లు సగానికి పైనే. వినడానికి కష్టంగా ఉంటుంది, నిజమే. కానీ ఊపిరితిత్తుల మార్పిడికి ఎవరిని ఎప్పుడు పంపాలో తేల్చడంలో చాలాకాలం ఆ గీతే దారి చూపింది. ఇప్పటి మందులు వచ్చాక ఆ లెక్క అలాగే వర్తించదు. అయినా ఎఫ్‌ఈవీ1 ఒక్కసారిగా పది శాతం తగ్గిందంటే ఇన్‌ఫెక్షన్ ముదిరిందేమోనని ఇప్పటికీ ఉలిక్కిపడతాం. ఉలిక్కిపడాలి కూడా.

మరి ఆ పాప విషయంలో అది ఎందుకు మౌనంగా ఉంది? జబ్బు మొదలయ్యే చోటే అసలు చిక్కు. సీఎఫ్ మొదట పట్టుకునేది రెండు మిల్లీమీటర్ల కంటే సన్నని నాళాలను. అవి వేలకు వేలు, పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోటీ సన్నదే అయినా అన్నిటినీ కలిపితే పెద్ద రహదారంత వెడల్పు. అందులో కొన్ని సందులు కఫంతో మూసుకుపోయినా గాలి పక్క సందుల్లోంచి వచ్చేస్తుంది, మొత్తం జోరు తగ్గినట్టే తెలియదు. 1970లో జెరె మీడ్ అనే ఊపిరితిత్తుల పరిశోధకుడు ఈ భాగానికి నిశ్శబ్ద ప్రాంతం అని పేరు పెట్టారు. ఇంతకంటే సరైన పేరు నాకు తోచదు.

ఇక రెండో పరీక్ష, మల్టిపుల్ బ్రెత్ వాషౌట్. నేను దీన్ని జాడించే పరీక్ష అంటాను. సబ్బు పెట్టిన బట్టను నీళ్లలో జాడిస్తే నురుగు పోతుంది. మడతలు విప్పి ఉంటే నాలుగు జాడింపులకే పోతుంది, ముడులు పడి ఉంటే ఎన్నిసార్లు జాడించినా ఏదో మూల నుంచి నురుగు వస్తూనే ఉంటుంది. ఇక్కడ నురుగు నైట్రోజన్, నీళ్లు స్వచ్ఛమైన ఆక్సిజన్. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే కదా. ముక్కుకు క్లిప్ పెట్టి, మౌత్‌పీస్ లోంచి ఆక్సిజన్ ఇస్తూ మామూలుగా ఊపిరి తీసుకోమంటాం. ప్రతి ఊపిరితో నైట్రోజన్ కొంచెం కొంచెం బయటికి వస్తుంది. తెర మీద మెట్లు దిగుతున్నట్టు గీతలు పడతాయి. మొదలైన మోతాదులో నలభయ్యో వంతుకు, అంటే 78 శాతం నుంచి దాదాపు 2 శాతానికి, దిగేదాకా చూస్తాం.

అప్పటిదాకా వదిలిన మొత్తం గాలిని, మామూలుగా ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలితో భాగిస్తే వచ్చేది ఎల్‌సీఐ, అంటే లంగ్ క్లియరెన్స్ ఇండెక్స్. ఒక బిడ్డకు లోపల మిగిలేది ఒక లీటరు, జాడించడానికి ఏడు లీటర్లు పట్టిందనుకుందాం. ఎల్‌సీఐ ఏడు. ఆరోగ్యవంతులకు దాదాపు అంతే ఉంటుంది. అదే బిడ్డకు పదకొండు లీటర్లు పడితే ఎక్కడో ముడులు పడ్డట్టు. ఎఫ్‌ఈవీ1 ఎక్కువుంటే మంచిది, ఎల్‌సీఐ తక్కువుంటే మంచిది. రిపోర్టు చూసేటప్పుడు చాలామంది ఇక్కడే తికమకపడతారు.

ఈ కొలత కొత్తదేమీ కాదు. మార్గరెట్ బెక్లేక్ అనే వైద్య పరిశోధకురాలు 1952లోనే ఇలాంటి సూచికను ప్రతిపాదించారు. సరైన కంప్యూటర్లు, సెన్సర్లు లేక దశాబ్దాలపాటు మూలన పడింది.

పిల్లల దగ్గర తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఊదే పరీక్షలో నేను గొంతు చించుకోవాలి: "పీల్చు, పీల్చు, ఊదు! ఇంకా, ఇంకా, ఆపొద్దు!" నాలుగేళ్ల పిల్లాడు సగంలో నవ్వేస్తాడు, లేదా దగ్గుతాడు. కనీసం మూడు మంచి ఊదుళ్లు కావాలి, వాటిలో పెద్దవి రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. జాడించే పరీక్షలో గదంతా నిశ్శబ్దం. పిల్లాడు కార్టూన్ చూస్తుంటాడు, మేమంతా పిల్లుల్లా నడుస్తాం. కామెడీ కార్టూన్ మాత్రం పెట్టకూడదు. నవ్వితే పెదవి పక్కనుంచి గదిలోని గాలి లోపలికి దూరుతుంది, దిగుతున్న మెట్ల మధ్య ఒక ముల్లు లేస్తుంది, మళ్లీ మొదటికి. ఊదడం పావుగంటలో అయిపోతుంది. ఇది మూడుసార్లు చేసేసరికి గంట దాటిపోవచ్చు. జబ్బు ముదిరినకొద్దీ ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. అంటే ఎవరికి ఓపిక తక్కువో వాళ్లనే ఎక్కువ సేపు కూర్చోబెడతాం. నాకు నచ్చని సంగతి ఇదే.

దీని సత్తా తెలిసింది మందుల ట్రయల్స్‌లో. ఇవాకాఫ్టర్ అనే సీఎఫ్ మందు 2012లో వచ్చింది. ఎఫ్‌ఈవీ1 అప్పటికే 90 శాతం దాటి ఉన్నవాళ్ల మీద దాని ప్రభావం ఎలా చూపాలి? ఊదే పరీక్షలో ఇక ఎక్కడానికి చోటే లేదు. 2013లో వెలువడిన ఒక చిన్న ట్రయల్ అలాంటివాళ్లలోనే ఎల్‌సీఐ కొలిచింది. మందు వాడినప్పుడు అది రెండు యూనిట్లకు పైగా తగ్గింది. 2019లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద ఉప్పునీటి ఆవిరి ట్రయల్‌కు కూడా ఎల్‌సీఐనే కొలబద్దగా పెట్టుకున్నారు.

అలాగని దీన్ని నెత్తికెత్తుకోవద్దు. పూర్తిగా మూసుకుపోయిన భాగంలోకి ఆక్సిజన్ పోనే పోదు, అక్కడి నైట్రోజన్ రానే రాదు. లెక్కలో ఆ భాగం లేనట్టే. ఫిజియోథెరపీతో ఆ కఫం కదిలి దారి కొంచెం తెరుచుకుంటే, బద్ధకంగా పనిచేసే ఆ మూల ఇప్పుడు లెక్కలోకి వస్తుంది, ఎల్‌సీఐ పెరుగుతుంది. బిడ్డ బాగుపడింది, అంకె చెడింది! వరసగా రెండు మూడు రిపోర్టులు, వీలైతే ఒక స్కాన్ పక్కన పెట్టుకోకుండా దీన్ని అర్థం చేసుకోలేం.

ఇంకో తలనొప్పి. ఎక్కువగా వాడే యంత్రం నైట్రోజన్‌ను నేరుగా కొలవదు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచి, మిగిలింది నైట్రోజన్ అని లెక్కగడుతుంది. ఆ సెన్సర్లు ఒకదాని రీడింగును ఇంకొకటి పాడుచేస్తున్నాయని 2021లో బయటపడింది. అప్పటిదాకా వచ్చిన ఎల్‌సీఐలు ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపించాయి. సాఫ్ట్‌వేర్ సరిదిద్దాక అంకెలు తగ్గాయి. కాబట్టి మీ ఫైల్లో పాత 9, కొత్త 8 పక్కపక్కన ఉంటే సంబరపడే ముందు, పాత రీడింగును కొత్త సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ లెక్కగట్టారా అని అడగండి. ఏ గ్యాస్ వాడారో కూడా అడగండి. కొన్నిచోట్ల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌తో చేస్తారు, ఆ అంకెల్ని నైట్రోజన్ అంకెలతో పోల్చకూడదు.

"మా వాడికి ఏది చేయించాలి?" అని విరామంలో ఇప్పటికే ముగ్గురు అడిగారు. ఊదగలిగే వయసు వచ్చాక ఊదే పరీక్ష ప్రతి విజిట్‌లోనూ ఉండాలి. ఆ అంకె బాగున్న చిన్నపిల్లలకే జాడించే పరీక్ష ఎక్కువ పనికొస్తుంది, ఏడాదికి ఒకసారైనా చేయిస్తే మంచిదని నా అభిప్రాయం. ఎఫ్‌ఈవీ1 ఇప్పటికే బాగా పడిపోయినవాళ్లను గంటసేపు కూర్చోబెట్టి, ఉన్నదని తెలిసిన జబ్బునే మళ్లీ కనిపెట్టడంలో నాకు పెద్ద ప్రయోజనం కనబడదు.

రెండు యంత్రాలూ ఈ బల్ల మీదే ఉన్నాయి, ఫిల్టర్లు కొత్తవి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఇద్దరు ముందుకు రండి. ఒకరు ఊదండి, ఒకరు జాడించండి. జాడించేవాళ్లకు ముందే చెబుతున్నాను, నవ్వకూడదు.