పడవ లోపలి కర్రకు ముందు గాలి, తర్వాతే వార్నిష్

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

హన్మకొండల దర్వాజలు, మంచాలు చేసుకునేటాయనకు పడవ పని ఏందని ఇందాక కొందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన, ఆ పని నా దగ్గరికి వచ్చిననాడు. మనకు సముద్రం లేదు గని చెరువులకు ఏం తక్కువ? రామప్ప, పాకాల, లక్నవరం అన్నీ కాకతీయుల కాలంనాటివే. ఇప్పుడు వాటి మీద పడవలు తిరుగుతున్నయి.

నాకు దొరికిన పడవ ఏ చెరువుదో చెప్పను. లోపల చిన్న గది, రెండు దిక్కుల బెంచీలు, గోడలకు టేకు. కిటికీ కింద కర్ర ఎండకు బూడిద రంగు తేలింది. కింద నేల పట్టీలు నల్లగైనయి. తలుపు తీస్తే బూజు వాసన గుప్పుమన్నది. యజమానిది ఒక్కటే మాట: "వార్నిష్ ఎయ్యి, మెరవాలె."

మెరుపు సంగతి తర్వాత. ముందు దబ్బనం తీసుకోని కర్రను పొడిచి చూడాలె. గట్టి కర్ర అయితే మొన ఆగుతది. ఆ నేల పట్టీలల్ల మాత్రం మాగిన సీతాఫలంల దిగినట్టు దిగింది. కర్రల తేమ 20 శాతం దాటి అట్లనే నిలిస్తే బూజు జాతి లోపలనే కాపురం పెడ్తది. అసలు తమాషా ఏందంటే, ఆ నీళ్లు చెరువుయి కావు! కిటికీ రబ్బరు పగిలి వాన నీళ్లు కారినయి, బెంచీల కింద గాలి ఆడక చెమ్మ నిలిచింది. అది సరిచెయ్యకుండ వార్నిష్ పూస్తే, తడిబట్టలు పెట్టెల పెట్టి తాళం ఏసినట్టే.

పుచ్చిన ముక్కను గట్టి కర్ర తగిలేదాక కోసి, ఏటవాలుగ కొత్త ముక్క అతికించినం. టేకు నూనె కర్ర గద, గమ్ము సరిగ పట్టదు. అతికే ముందు అసిటోన్‌తోని, అంటే నూనెను కరిగించే ద్రవంతోని, తుడవాలె.

మొలల చుట్టున్న నలుపు సాండ్ పేపర్‌తోని పోదు. కరక్కాయ నీళ్లల్ల ఇనుము తగిలితే నల్లబడ్తది గద, గిదీ అదే. కర్రల వగరుకు తుప్పు తోడైతది. ఆక్జాలిక్ యాసిడ్ గోరువెచ్చటి నీళ్లల్ల, ప్లాస్టిక్ బకెట్ల కలిపి బ్రష్‌తోని పూస్తే నలుపు విడుస్తది. అది విషం. చేతులకు తొడుగులు ఉండాలె, తర్వాత మంచిగ కడిగి పూర్తిగ ఆరనియ్యాలె. పాత ఇనుప మొలల జాగల ఇత్తడి స్క్రూలు ఏసినం.

గీసుడు దగ్గర నేనే దెబ్బతిన్న, సిగ్గు లేకుండ చెప్తున్న. గోడలన్నీ నిండు టేకు అనుకున్న. ఒక పలక మీద సాండ్ పేపర్ మిషన్ పెట్టిన, రెండు నిమిషాలల్ల కింద ప్లైవుడ్ తేలింది! పైన ఉన్న టేకు పొర అర మిల్లీమీటరే. ఆ పలక ఖర్చు నా కూలీల కోత పడ్డది. అందుకే అంచు దగ్గర పొర మందం చూసినంకనే మిషన్ ముట్టుండ్రి. పొర పలుచగుంటే 220 నంబరు సన్న సాండ్ పేపర్, చేతితోని, కర్ర గీత వెంబడి. అంతే.

స్పిరిట్‌ల లక్క కలిపి కొట్టే పాలిష్ మన ఇండ్లల్ల బాగుంటది, పడవల వద్దు. తడి తగిలితే తెల్లగ పాలిపోతది. ఎండకు, తడికి ఓర్చే వార్నిషే తీసుకోవాలె. మొదటి పూత డబ్బా మీద చెప్పినంత పలుచగ చేస్తే లోపలికి దిగుతది. తర్వాత పూతపూతకు నడుమ మెల్లగ గీకి, దుమ్ము తుడవాలె. ముసురు పట్టిన రోజు బ్రష్ ముట్టద్దు.

తర్వాత కాపాడుడు కష్టమేం కాదు. మెత్తటి తడిబట్టతోని తుడిచి ఎంబడే పొడిబట్ట పట్టుడు, వానాకాలంల బెంచీ మూతలు తెరిచి పెట్టుడు. ఒక మాట మాత్రం రాసుకోండ్రి: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూలకు పడెయ్యద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటయి, నిప్పు అక్కర్లేదు. నీళ్లల్ల ముంచి, బయట పరిచి ఆరెయ్యాలె.

ఆ పడవల నుంచి తీసిన పాత పట్టీ బల్ల మీద పెట్టిన. పైకి మంచిగనే కనవడ్తది. దబ్బనం తీసుకోని ఒక్కొక్కరు రాండ్రి.