దేవగన్నేరు కింద ఏ మొక్క నిలుస్తుంది? నల్లగొండ నేలలో నా తీర్పు

నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు రివ్యూ దేవగన్నేరు గురించి కాదు. దాని పాదులో ఏ మొక్కలు పెట్టవచ్చు, నర్సరీలో ఎంత నచ్చజెప్పినా ఏవి తెచ్చుకోకూడదు అన్న దాని గురించి.

ముందు చెట్టు స్వభావం చూడండి. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన చెట్టు ఇది. బొద్దు కొమ్మల్లో నీరు దాచుకుంటుంది. చలికాలంలో ఆకు రాల్చి మోడులా నిలుస్తుంది. ఆ రోజుల్లో పాదు తడిగా ఉంటే వేరు కుళ్లుతుంది. కాబట్టి రంగుల జత సంగతి తర్వాత, ముందు దాహం కలవాలి. పచ్చిక పరుస్తామనే వాళ్లకు నా సమాధానం ఒక్కటే: వద్దు.

ఎక్కువ మంది అడిగేది నూరువరహాలు. ఎర్రని గుత్తులు, పైన తెల్లని పూలు, చూడటానికి బాగుంటుంది, కాదనను. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఈ లేత ఆకు చూడండి. ఈనెలు పచ్చగా ఉన్నాయి, మధ్యలో అంతా పసుపు. ఇనుము అందడం లేదు. మనది ఎర్రనేల, ఆ ఎరుపే ఇనుముది, మరి కొరత ఎలా వస్తుందని అడుగుతారు. నేలలో ఉంది, కానీ క్షారం పెరిగితే వేరు దాన్ని తీసుకోలేదు. క్షారమున్న బోరు నీళ్లు పోస్తున్నకొద్దీ పరిస్థితి ఇంకా ముదురుతుంది. వాన నీరు పట్టి పోయగలిగితే కుండీలో పెంచుకోండి, పాదులో మాత్రం నేను పెట్టను.

తర్వాత స్పైడర్ ప్లాంట్. నీడకు మంచిదని అమ్ముతారు. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ ఫ్లోరైడ్‌కు త్వరగా దెబ్బతినే మొక్కల్లో ఇదొకటి, డ్రసీనా మరొకటి. ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండిపోతాయి. ఎరువు తక్కువైందని ఇంకా వేయకండి, మొక్క అడిగింది అది కాదు.

ఇక నా మొదటి ఓటు రెయిన్ లిల్లీకి. చిన్న గడ్డలు, రెండంగుళాల లోతు చాలు, చెట్టు వేళ్లను తెగనరకాల్సిన పని లేదు. ఎండాకాలమంతా గడ్డలు మట్టిలో ఊరుకుంటాయి. తొలకరి పడిన కొద్ది రోజులకు తెల్లగానో గులాబీగానో ఒక్కసారిగా లేస్తాయి. అప్పటికి దేవగన్నేరు నిండా ఆకు ఉంటుంది, అయినా కింద పూలకు సరిపడా వెలుగు పడుతుంది. గడ్డలు విషపూరితం, పిల్లలు, మేకలు తిరిగే ఇళ్లలో జాగ్రత్త.

రెండో ఓటు బిళ్ళగన్నేరుకు. ఇది దేవగన్నేరు కుటుంబంలోదే. ఎండకు బెదరదు, గింజ రాలి తానే మొలుస్తుంది. అయితే కొమ్మల నీడలో సాగిపోయి పూలు తగ్గిస్తుంది, అందుకే నీడ అంచున, ఎండ తగిలే వైపు పెట్టండి. కలబంద కూడా సరే. కనకాంబరం జడ కోసం కావాలంటే పక్కన కుండీలో ఉంచండి, దానికి తడి ఎక్కువ కావాలి.

ఏది పెట్టినా మొదలు చుట్టూ ఒక అడుగు ఖాళీగా వదలండి. ఈ దేవగన్నేరు ఆకు తిప్పి వేలితో రాస్తే నారింజరంగు పొడి అంటింది చూశారా, అది తుప్పు తెగులు. మొక్కలు కిక్కిరిస్తే గాలి ఆడదు, రాలిన ఆకులు ఏరడం కష్టమవుతుంది, తెగులు అక్కడే ఉండిపోతుంది. ఆకు తుంచితే కారే పాలు కంట్లో పడనివ్వకండి.

అలంపూర్ వైపు నల్లరేగడి ఉన్నవాళ్లు పాదు తవ్వకుండా మట్టిని అడుగు ఎత్తున దిబ్బగా పోసి, ఇసుక కలిపి, చెట్టును దాని మీద నాటండి. లిల్లీ గడ్డలు ఆ దిబ్బ వాలులో పెట్టాలి, అడుగున నీరు నిలిచే చోట కాదు.