గుండె జారిపోవడం వెనుక మెదడు

సభకు నమస్కారం.

మన భాషలో భయమూ దుఃఖమూ ధైర్యమూ అన్నీ గుండెలోనే కాపురముంటాయి. చెడ్డ కబురు వింటే గుండె జారిపోతుంది, తట్టుకోవాలంటే గుండె రాయి చేసుకోమంటారు. మెదడు ఊసు ఎవరూ ఎత్తరు. హృద్రోగ వైద్యంలోకి వచ్చిన కొత్తలో నేనూ ఈ మాటల్ని అలంకారాలుగానే లెక్కగట్టాను. గుండె ఒక పంపు, రక్తనాళం పూడితే ఆ పంపు దెబ్బతింటుంది, అంతకుమించి ఏముందనుకునేవాణ్ణి.

ఆ లెక్కకు లొంగని రోగిణి ఒకామె గుర్తుంది. అరవై దాటిన మనిషి. భర్త పోయిన మూడో రోజున ఛాతీలో నొప్పి, చెమటలు. ఈసీజీ గుండెపోటు లాగే ఉంది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరిగింది. యాంజియోగ్రామ్ చేస్తే మూడు ప్రధాన నాళాలూ శుభ్రంగా కనిపించాయి. ఒంటికంతటికీ రక్తాన్ని తోసే గుండె గది, ఎడమ జఠరికలోకి రంగుమందు ఎక్కించి చూస్తే, పైభాగం గట్టిగా ముడుచుకుంటూ ఉంటే కిందిభాగం మాత్రం కదలిక లేక బెలూన్‌లా ఉబ్బి ఉంది. జపాన్ జాలర్లు ఆక్టోపస్‌లను పట్టడానికి సముద్రంలోకి దించే కుండకు కూడా ఇలాగే మూతి ఇరుకు, అడుగు గుండ్రం. దాని పేరు టకోత్సుబో. 1990లో హిరోషిమాలో హికారు సాటో బృందం ఈ జబ్బును వర్ణిస్తూ ఆ కుండ పేరే పెట్టింది. దీని బారిన పడేవారిలో పదింట తొమ్మిది మంది స్త్రీలు, అందులోనూ ఎక్కువమంది ముట్లుడిగిన వయసువారు.

ఇక్కడ జరిగేదేమిటంటే, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే బాదంగింజంత భాగం, ఒంటి పనుల్ని అదుపుచేసే హైపోథాలమస్ అనే మరో భాగాన్ని హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరిక మెదడు కాండం మీదుగా ఒంటిని ఆపదకు సిద్ధం చేసే సింపథెటిక్ నాడుల్లోకి దిగి ఒకవైపు నేరుగా గుండె కండరానికీ, మరోవైపు మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులకూ చేరుతుంది. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు ఇలాంటి రోగుల రక్తాన్ని పరీక్షిస్తే, అడ్రినలిన్ వంటి హార్మోన్లు తీవ్రమైన గుండెపోటు వచ్చినవారిలో కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఆ ఉప్పెనకు కండరం కొంతకాలం స్తంభించిపోతుంది. చాలామందిలో కొద్ది వారాల్లో కోలుకుంటుంది కానీ, ఇది నిరపాయమైన జబ్బేమీ కాదు. ఆసుపత్రిలోనే ప్రాణం పోయినవారూ ఉన్నారు.

నాళాలు ముందే పూడిక పట్టి ఉన్నవారి సంగతి వేరు. 1994 జనవరి 17న తెల్లవారుజామున, జనం ఇంకా పక్కల మీద ఉండగానే, లాస్ ఏంజెలెస్ ప్రాంతాన్ని నార్త్‌రిడ్జ్ భూకంపం కుదిపింది. అంతకుముందు వారంలో అక్కడ గుండెనాళాల జబ్బుతో హఠాత్తుగా చనిపోయినవారు రోజుకు సగటున 4.6 మంది, ఆ ఒక్కరోజే 24 మంది. వారిలో అసాధారణమైన శారీరక శ్రమ చేస్తూ పోయినవారు ముగ్గురే. నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఆ తర్వాతి సంగతి: భూకంపం వెళ్లిన ఆరు రోజుల్లో ఆ సంఖ్య మామూలు కంటే తగ్గింది. అంటే ఎలాగూ అంచున ఉన్నవారిని ఆ భయం కొన్నాళ్లు ముందుగా తోసేసిందనుకోవాలి.

ఇవన్నీ ఒక్కసారిగా వచ్చిపడే దెబ్బలు. రోజూ కొద్దికొద్దిగా నలిపే ఆందోళనకు దారి వేరు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 293 మంది స్కాన్లు చూస్తే, అమిగ్డాలా చురుకు ఎక్కువ ఉన్నవారిలో రక్తకణాల్ని తయారుచేసే ఎముక మజ్జ పని, ధమనుల గోడల్లో వాపు కూడా ఎక్కువ కనిపించాయి, తర్వాతి ఏళ్లలో గుండెజబ్బులూ ఎక్కువే వచ్చాయి. ఇది సంబంధమే తప్ప కారణానికి తిరుగులేని రుజువు కాదు. అయినా దారి ఎటు పోతోందో తెలుస్తోంది.

రెండు మాటలు నాకు చిరాకు తెప్పిస్తాయి. ‘అంతా టెన్షన్ వల్లేనండీ’ అంటూ బీపీ మాత్రలు మానేసేవారిది ఒకటి. ఛాతీ పట్టుకుని కూర్చున్న ఇల్లాలికి ‘ఏడ్చి ఏడ్చి గ్యాస్ పట్టింది’ అని సోడా తాగించేవారిది రెండోది. టకోత్సుబోనో, పూడిన నాళమో పైకి చూసి చెప్పడం నా వల్ల కూడా కాదు. అందుకు ఈసీజీ, రక్తపరీక్ష, చాలాసార్లు యాంజియోగ్రామ్ కావాలి. వాటికి ముందు, గంటలు గడవకుండా ఆసుపత్రికి చేరడం కావాలి.

నేను చెప్పిన ఆమె ఆరో వారంలో మళ్లీ వచ్చింది. ఎకో (గుండె స్కాన్) తెర మీద గుండె అడుగుభాగం చక్కగా ముడుచుకుంటోంది, కుండ ఆకారం జాడ లేదు. అదే చూపించాను. ఆమె తెర వైపు కాసేపు చూసి, ‘నిద్ర మాత్రం ఇంకా పట్టడం లేదండీ’ అంది.