జైతూన్ రేవులో గజేంద్ర మోక్షం

శ్రోతలకు నమస్కారం.

చైనా ఆగ్నేయ తీరంలో, తైవాన్ జలసంధికి ఎదురుగా, ఫుజియాన్ రాష్ట్రంలో చువాన్‌జౌ అనే నగరం ఉంది. ఆ ఊళ్ళో కైయువాన్ అని పెద్ద బౌద్ధాలయం. ప్రధాన మందిరం వెనుకకు వెళితే అక్కడ ముదురు రంగు రాతి స్తంభాలు రెండు కనిపిస్తాయి. పదహారేసి పలకల స్తంభాలు. వాటిమీద గుండ్రని చట్రాల్లో చిన్న చిన్న శిల్పాలు. ఒక చట్రంలో మొసలి పట్టుకున్న ఏనుగు, దాన్ని కాపాడ వచ్చిన విష్ణువు. మరొకదానిలో రోలు ఈడ్చుకుంటూ రెండు మద్దిచెట్ల నడుమ దూరిన బాలకృష్ణుడు. ఇంకొకదానిలో కాళియమర్దనం. మన అమ్మమ్మలు అన్నం కలిపి పెడుతూ చెప్పిన కథలే ఇవన్నీ. ఈ స్తంభాలు చెక్కింది 13వ శతాబ్దం చివరి రోజుల్లో. అంటే భాగవతం తెలుగులోకి రావడానికి నూరేళ్ళకు పైగా ముందు.

ఈ రాళ్ళు అక్కడికి ఎలా చేరాయో చెప్పుకుంటే ఆ ఊరి చరిత్ర చాలావరకు చెప్పుకున్నట్టే.

ఒకప్పుడు చువాన్‌జౌ నిండా ఎర్రని పూలగుత్తులు పూసే ముళ్ళచెట్లు నాటారు. ఆ చెట్టు చైనా పేరు చిథోంగ్. అది అరబ్బు నావికుల నోట జైతూన్ అయింది. ప్రపంచమంతా ఆ రేవును జైతూన్ అనే పిలిచింది. అక్కడినుంచి ఓడలకెక్కిన నిగనిగలాడే పట్టుబట్టకు కూడా ఆ పేరే అంటుకుని, చివరికి సాటిన్‌గా మారిందని భాషావేత్తలు చెబుతారు.

సోంగ్ చక్రవర్తులు 1087లో ఇక్కడ సముద్ర వర్తక కార్యాలయం తెరిచారు. వచ్చే ఓడలను తనిఖీ చేయడం, సుంకం వసూలు చేయడం, వర్తకుల మంచిచెడ్డలు చూడడం దాని పని. 1127లో ఉత్తర చైనా శత్రువుల చేతికి పోయింది. రాజధాని దక్షిణానికి తరలింది. ఇక ఖజానాకు సముద్రమే దిక్కయింది. పింగాణి, పట్టు, ఇనుము వెళ్ళేవి. మిరియాలు, సాంబ్రాణి, గంధపు చెక్క, ఏనుగు దంతం వచ్చేవి. తరువాత మంగోలుల యువాన్ వంశం వచ్చినా రేవు వైభవం తగ్గలేదు, ఇంకా పెరిగింది. అలెగ్జాండ్రియాకు ఒక మిరియాల ఓడ వెళితే జైతూన్‌కు నూరు వస్తాయని మార్కో పోలో రాసుకున్నాడు. ఆ మార్కో పోలో 1290ల మొదట్లో చైనా విడిచి ఓడ ఎక్కింది ఈ రేవులోనే. తన వృత్తాంతంలో మన మోటుపల్లి గురించి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి గురించి చెప్పింది కూడా ఆయనే. ఆ రాణి మన రుద్రమదేవి. అంతకు ముందే, 1244 ప్రాంతంలో, గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. గాలివానకు పగిలిన ఓడల సరుకును రాజులు లాక్కునే ఆనవాయితీని ఆపుతానని మాట ఇచ్చాడు. ఇక్కడి రేవుల్లోనూ అక్కడి రేవుల్లోనూ ఒకే సముద్రపు లెక్కలు నడిచిన కాలమది.

చువాన్‌జౌలో దిగిన వర్తకుల్లో దక్షిణ భారతీయులు, ముఖ్యంగా తమిళులు ఉన్నారు. వాళ్ళు అక్కడ శివాలయం కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం ఒకటి దొరికింది. శక సంవత్సరం 1203, చైత్ర మాసం అని తేదీ వేసి, సంబంధ పెరుమాళ్ అనే ఆయన తిరుక్కదాలీశ్వరం స్వామిని ప్రతిష్ఠించినట్టు, అది మంగోలు ఖానుడి క్షేమం కోరి చేసినట్టు అందులో ఉంది. చివరి పంక్తి చైనా లిపిలో చెక్కారు. పరాయి నేల మీద ఆ అక్షరాలు చెక్కించినవారు అక్కడే స్థిరపడదామనుకున్నారని నాకు అనిపిస్తుంది. నాలుగు రోజులుండి పోయేవాళ్ళు ఎవరూ గుడి కట్టుకోరు.

ఆ గుడి ఇప్పుడు లేదు. 1357 నుంచి 1366 వరకు చువాన్‌జౌలో తిరుగుబాటు, అల్లర్లు సాగాయి. తరువాత వచ్చిన మింగ్ వంశం ప్రజలు సొంతంగా సముద్ర వర్తకం చేయకూడదని నిషేధించింది. నది మేటవేసి రేవు పూడింది. గుడి రాళ్ళు చెల్లాచెదురయ్యాయి. కొన్ని ఊరి కోటగోడల్లో కలిశాయి. మింగ్ కాలంలో కైయువాన్ ఆలయాన్ని తిరిగి కట్టినప్పుడు ఆ రెండు స్తంభాలూ అక్కడికి చేరాయి. మందిరం ముందరి వేదిక అడుగున డెబ్బైకి పైగా నరముఖ సింహాల శిల్పాలు కూడా ఆ గుడివే.

ఇక్కడ ఒక మాస్టారి గురించి చెప్పాలి. పేరు ఊ వెన్‌లియాంగ్. బడిలో జీవశాస్త్రం పాఠాలు చెప్పేవారు. జపాన్‌తో యుద్ధం జరిగే రోజుల్లో పాత కోటగోడలు పడగొడుతుంటే వింత వింత లిపుల రాళ్ళు బయటపడ్డాయి. అరబ్బీ సమాధి ఫలకాలు, శిలువలు, మన దేవతామూర్తులు. జనం వాటిని ఇళ్ళ పునాదులకు, మెట్లకు పట్టుకుపోతుంటే ఆయన సొంత డబ్బుతో కొని దాచారు. తరువాత అన్నీ ప్రభుత్వానికి అప్పగించారు. ఇప్పుడు చువాన్‌జౌ సముద్ర చరిత్ర మ్యూజియంలో మనం చూసే రాళ్ళలో ఎన్నో ఆయన చలవే. హిరణ్యకశిపుడి పొట్ట చీలుస్తున్న నరసింహస్వామి శిల్పం కూడా ఆ మ్యూజియంలో ఉంది.

మార్కో పోలో చెప్పిన మిరియాలకు కూడా సాక్ష్యం దొరికింది. 1974లో చువాన్‌జౌ దగ్గరి హౌజూ రేవు బురదలోనుంచి 13వ శతాబ్దపు ఓడను తవ్వితీశారు. మిగిలిన కొయ్య భాగమే 24 మీటర్ల పొడవు. లోపల పదమూడు గదులు. ఒక గదికి చిల్లుపడి నీళ్ళు వచ్చినా మిగతావి మునగకుండా మధ్యలో అడ్డుగోడలు. ఆ గదుల్లో సుగంధపు చెక్కలు, మిరియాలు, వక్కలు, గవ్వలు. ఏడు వందల ఏళ్ళు బురదలో ఉన్నా మిరియపు గింజ మిరియపు గింజగానే ఉంది.

చువాన్‌జౌ శివార్లలోని లువోయాంగ్ వంతెన మరో అద్భుతం. 1053లో మొదలుపెట్టి 1059లో ముగించారు. నది సముద్రంలో కలిసేచోట, రోజూ పోటు వచ్చేచోట, పునాది రాళ్ళు నిలవాలి. సిమెంటు లేని కాలం. అప్పటివాళ్ళు పునాదులమీద ఆల్చిప్పలను పెంచారు. అవి రాయికీ రాయికీ మధ్య పెరిగి అతుక్కుపోయి ఒకే ముద్దగా బిగిశాయి. పోటు వేళ పడవలమీద భారీ రాతి దూలాలను తెచ్చి, నీళ్ళు దిగుతుండగా స్తంభాలమీదకు దించారు. ఆ వంతెన మీద ఈనాటికీ నడవవచ్చు.

2021లో యునెస్కో చువాన్‌జౌలోని 22 స్థలాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కైయువాన్ ఆలయం, అక్కడి జంట రాతి గోపురాలు వాటిలో ఉన్నాయి. ఆ గోపురాలు 1604 నాటి పెద్ద భూకంపాన్ని కూడా తట్టుకున్నాయి. 1009లో కట్టిన మసీదు, నావికులను కాచే మాజు అమ్మవారి గుడి, చింగ్‌యువాన్ కొండమీద రాతిలో చెక్కిన, గడ్డంతో ఉన్న దావో మత గురువు లావోజు విగ్రహం కూడా ఉన్నాయి. పర్షియాలో పుట్టి, ఇప్పుడు ప్రపంచంలో దాదాపు కనుమరుగైన మానీ మతపు ప్రవక్త విగ్రహం ఒక చిన్న గుడిలో 1339 నుంచి పూజలందుకుంటోంది.

రేవు పూడిపోయాక ఊరివాళ్ళు బతుకుతెరువు కోసం తైవాన్‌కు, ఫిలిప్పీన్స్‌కు, మలయాకు వలసపోయారు. 1978 తరువాత చైనా తలుపులు తెరిచినప్పుడు ఆ వలస కుటుంబాల డబ్బు, సంబంధాలు తిరిగి ఊరికి వచ్చాయి. ఇళ్ళలోనే కుట్టు మిషన్లతో మొదలైన పని ఫ్యాక్టరీలకు ఎదిగింది. చువాన్‌జౌ పాలన కిందనే ఉన్న జిన్‌జియాంగ్ ఇప్పుడు క్రీడల బూట్లకు పెట్టింది పేరు; ఆంటా కంపెనీ అక్కడిదే. అందులో చెన్‌దై అనే బూట్ల పట్టణం ఉంది. అక్కడి దింగ్ ఇంటిపేరువాళ్ళు ఆనాటి ముస్లిం వర్తకుల సంతతి. షిషిలో దుస్తులు, దెహువాలో పాలవంటి తెల్ల పింగాణి, ఆన్‌షి కొండల్లో టియెగువాన్‌యిన్ తేయాకు. ఇరవై ఏళ్ళకు పైగా ఫుజియాన్ రాష్ట్రంలో ఆర్థికంగా మొదటి స్థానం ఈ ఊరిదే. ఇటీవలే ఫుజౌ దాన్ని దాటింది.

చువాన్‌జౌ పాలన కిందిదే అయిన నానాన్ ప్రాంతంలో షుయ్‌టౌ అని ఒక పట్టణం ఉంది. దాని వ్యాపారమంతా రాయి. ప్రపంచం నలుమూలల నుంచి రాతి దిమ్మెలు వస్తాయి, అక్కడ కోసి నునుపు చేసి పంపుతారు. మన ప్రకాశం జిల్లా చీమకుర్తిలో బంగారు పొడి చల్లినట్టు మెరిసే నల్ల గ్రానైటు, గెలాక్సీ రాయి, ఎంతో కాలంగా చైనాకు వెళుతోంది. దక్షిణ భారతంనుంచి కథలు వెళ్ళి అక్కడి రాతిమీద నిలిచిన ఆ తీరానికే ఇప్పుడు మన రాయి వెళుతోంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

వెళ్ళదలచినవారికి షియామెన్ నుంచి హైస్పీడ్ రైలులో అరగంట ప్రయాణం. వేసవిలో తుపానులు, అక్టోబరు దాటాక వెళితే హాయి. షున్‌పు అనే జాలరిపేట తప్పక చూడండి. ఆల్చిప్పలు పేర్చి కట్టిన గోడలు, కొప్పు చుట్టూ వరుసలుగా పూలదండలు చుట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. పూలు ముడుచుకోవడం మనకు కొత్త కాదు గానీ, ఆ కొప్పుల సొగసు వేరు.

వీలుంటే ఊరి శివార్లలోని చెదియన్ గ్రామానికి కూడా వెళ్ళండి. అక్కడొక చిన్న గుడి. లోపల నాలుగు చేతుల రాతి అమ్మవారు, ఇరువైపులా పరిచారికలు, పాదాల కింద అసురుడు. చూడగానే మనవారికి తెలిసిపోతుంది ఆమె ఎవరో. ఊరివాళ్ళకు మాత్రం ఆమె బౌద్ధుల కరుణామయి దేవత గువాన్‌యిన్. తరతరాలుగా వాళ్ళు ఆ అమ్మకు అగరువత్తులు వెలిగించి మొక్కుతూనే ఉన్నారు.

నమస్కారం.