ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి

లత: నమస్కారం, బెంగళూరు నుంచి మళ్ళీ మేమే. స్వతంత్ర జీవన కేంద్రం, అంటే వైకల్యం ఉన్నవాళ్ళు తమ బతుకు తామే నడుపుకోవడానికి సాయపడే చోటు. అది పెట్టాలనుకునేవాళ్ళకి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది, అక్కడ ముందు ఎవరికి నేర్పాలి, ఇదీ ఈ వారం విషయం.

రఘు: అక్కా, ముందు వీల్‌చైర్ టైర్లలో గాలి...

లత: ఆగు రఘూ. వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల కోసం పోరాడిన ఎడ్ రాబర్ట్స్, ఆయన తోటివాళ్ళు 1972లో అమెరికాలోని బర్క్‌లీలో పెట్టిన కేంద్రాన్ని నడిపింది వైకల్యం ఉన్నవాళ్ళే. ఇప్పటికీ అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ నిధులతో నడిచే ఇలాంటి కేంద్రాల పాలక బోర్డులో, సిబ్బందిలో సగానికి పైగా వాళ్ళే ఉండాలి. అక్కడే హ్యూస్టన్‌లోని ఐఎల్‌ఆర్‌యూ అనే శిక్షణ సంస్థ 1977 నుంచి ఈ రంగంలో ఉంది, ఆన్‌లైన్ శిక్షణ కూడా ఇస్తుంది. మన దేశంలో అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్, నలుగురి మధ్య బతికే హక్కు.

రఘు: సరే, కేంద్రం తెరిచాం. మొదటి శిక్షణ అటెండెంట్లకే కదా?

లత: కాదు. వీల్‌చైర్ వాడే మనిషికి. తనని ఎలా పట్టుకోవాలో తనే చెప్పగలగాలి. అటెండెంట్లు మారుతుంటారు, మనిషి మారడు.

రఘు: మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషి, ఎదురుగా కొత్త అటెండెంటు కుర్రాడు. అన్నీ ఈయనే చెబుతూ కూర్చుంటే ఎప్పుడు లేచేది?

లత: వరసగా చెబితే ఎంతసేపు? మంచం మీంచి కుర్చీలోకే చూడు. కుర్చీని మంచానికి కాస్త ఏటవాలుగా, బలం ఉన్న వైపు పెట్టు. బ్రేకులు వెయ్యి. మంచం వైపు చేతిపట్టె తియ్యి, ఫుట్‌రెస్టులు పక్కకి తిప్పు. మంచం మీంచి జారుతూ మారడానికి వాడే బోర్డు ఉంటుంది కదా, దాని ఒక చివర తొడ కింద, రెండో చివర సీటు మీద.

రఘు: చర్మం నేరుగా తగిలితే బోర్డుకి అతుక్కుంటుంది. లాగితే ఒరుసుకుపోతుంది, పుండు మొదలయ్యేది అక్కడే. మధ్యలో బట్ట ఉండాలి.

లత: మరి చంకల కింద చేతులేసి ఎత్తడం?

రఘు: వద్దేవద్దు. పక్షవాతం వచ్చిన భుజమైతే కీలు జారుతుంది. మనిషి ముందుకి వంగాలి, తల ఒక వైపు వెళ్తే నడుము రెండో వైపు కదులుతుంది. కానీ అక్కా, ఇదంతా చక్కగా చేసినా టైరులో గాలి తక్కువైతే బ్రేకు పట్టదు. బ్రేకు నొక్కేది టైరునే కదా. సగం దూరంలో కుర్చీ వెనక్కి జారుతుంది, మనిషి నేల మీద. ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే రాసి ఉంటుంది, వారానికోసారి చూడాలి.

లత: ఎనిమిదో ఎపిసోడ్ విన్నవాళ్ళకి ఈ గాలి సంగతి తెలుసులే.

రఘు: తెలిసినా చూడట్లేదు!

లత: సరే, ఒప్పుకుంటా. ఇంకోటి, ఇది ప్రాణం మీది సంగతి. టీ6, అంటే ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస, అక్కడ గానీ దానికి పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకి కుర్చీలోకి మారాక మూత్రం బయటికి పంపే కేథెటర్ గొట్టం తొడ కింద నలిగితే మూత్రాశయం నిండి బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. తల పగిలేలా నొప్పి, మొహం మీద చెమట. నిటారుగా కూర్చోబెట్టి, బెల్టు వదులు చేసి, గొట్టం మడత విప్పాలి. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రి. కొత్త అటెండెంటుకి ఇది తెలీదు, ఆ మనిషికే తెలియాలి.

రఘు: ...అవునక్కా. ఆ సమయంలో ఎవరికోసమో ఎదురుచూడలేం.

లత: అందుకే అంటున్నా. మన ఊళ్ళో అటెండెంటుకి కన్నడం రావచ్చు, హిందీ రావచ్చు, ఒడియా రావచ్చు. ఆపు, మెల్లగా, గొట్టం చూడు, ఈ మూడూ వాళ్ళ భాషలో నేర్చుకోవాలి.

రఘు: అటెండెంట్లకీ విడిగా ఒక పూట పెట్టాలి. అది మాత్రం వదలను.

లత: పెట్టు, కానీ నేర్పేది వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళే.

రఘు: మరి పీర్ కౌన్సెలింగ్, అంటే వైకల్యం ఉన్నవాళ్ళే ఒకరికొకరు తోడుగా మాట్లాడుకోవడం, దానికి శిక్షణ?

లత: సలహా ఇవ్వకుండా వినడం, మొదటి పాఠం అదే. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి చేయించాలి. మిగతాది వచ్చే వారం.

రఘు: టైర్లు...

లత: వచ్చే వారం రఘూ.