రెండుసార్లు అడగాలి

శ్రోతలకు నమస్కారం.

ఇది ఆడవారి పని, అది మగవారి పని అని మన మనసుల్లో పాతుకుపోయిన భావాలను ప్రశ్నించే ఫోటోల కోసం ఒక కాలనీ సంఘమో, గ్రంథాలయమో పోటీ పెట్టిందనుకుందాం. అక్కడికి వెల్డింగ్ చేసే యువతి ఫోటో వస్తుంది, పసిబిడ్డకు నీళ్లు పోస్తున్న తండ్రి ఫోటో వస్తుంది, రావలసినవే. అయితే ఇలాంటి పోటీ అనగానే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది 1896 నాటి ఒక ఛాయాచిత్రం.

దాన్ని తీసినవారు ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో సొంత స్టూడియో నడుపుతూ, దేశాధ్యక్షులకు సైతం ఫోటోలు తీసిన మహిళ. చిత్రంలో ఉన్నదీ ఆమే. పొయ్యిగూటి ఎదుట కూర్చుని, ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని, లోపావడా కనిపించేలా గౌను పైకి జరుపుకుని, మోకాలిపై మోచేయి ఆనించి ముందుకు వంగి ఉన్నారు. ఒక చేతిలో సిగరెట్టు, రెండో చేతిలో బీరు పాత్ర. పొయ్యిగూటిపైన వరుసగా మగవారి ఫోటోలు! ఆ వరుసను చూసినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు. గౌరవనీయురాలైన స్త్రీ ఎలా కూర్చోకూడదని ఆనాటి సమాజం అనుకునేదో, సరిగ్గా అలాగే కూర్చున్నారామె. అంతటితో ఆగలేదు. మరో చిత్రంలో మగవేషం వేసి, పెట్టుడు మీసంతో సైకిల్ పక్కన నిలబడ్డారు. మర్యాదస్తురాలిగా ముస్తాబై తీసుకున్న చిత్రమూ ఉంది. మనిషి ఒకరే, కెమెరా ముందు ముగ్గురు.

ఇవన్నీ కావాలని కూర్చి తీసిన చిత్రాలే. సహజంగా ఉంటేనే నిజమైన ఫోటో అనే న్యాయనిర్ణేతలతో నేను పూర్తిగా ఏకీభవించకపోవడానికి కారణం ఇదే. ఏ భంగిమలో కూర్చోవాలో, ఎవరిని వెక్కిరించాలో జాన్‌స్టన్ తానే నిర్ణయించుకున్నారు. దానివల్ల మాట పడవలసి వస్తే పడేదీ తానే.

మన పోటీలో పరిస్థితి వేరు. ఫోటో తీసేది ఒకరు, అందులో కనిపించేది మరొకరు. బహుమతి తీసినవారికి వస్తుంది, ఎగతాళి కనిపించినవారికి వస్తుంది. ఇంట్లో భార్య చీరలు ఉతికి ఆరవేసే భర్తకు ఆ పని చేయడంలో సిగ్గేమీ లేకపోవచ్చు, కానీ అదే దృశ్యం నిలువెత్తు ఫోటోగా ప్రదర్శనలో వేలాడితే తన కార్యాలయంలో ఏమంటారోనన్న సంకోచం ఉండవచ్చు. ఆ సంకోచాన్ని పిరికితనమని కొట్టిపారేసే హక్కు ఫోటో తీసినవారికి లేదని నా అభిప్రాయం.

అందుకే నిర్వాహకులకు ఒకే ఒక్క సూచన చేస్తున్నాను. అనుమతి రెండుసార్లు అడగాలి. తీసే ముందు ఒకసారి, తీసిన ఫోటోను చూపించి, కింద రాయబోయే వాక్యాన్ని చదివి వినిపించి రెండోసారి. మొదటిసారి సరేనన్నవారు రెండోసారి వద్దనవచ్చు. చిత్రం ఉండవచ్చు గానీ పేరు వద్దని కోరవచ్చు. పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి, పిల్లలనూ అడగాలి. ఈ రెండో అనుమతి కోసం దరఖాస్తు పత్రంలోనే ఒక గడి ఉంచి, అది నింపని ఫోటోను, ఎంత గొప్పగా ఉన్నా సరే, న్యాయనిర్ణేతల ముందుకు పంపకుండా పక్కన పెట్టాలి.