లాప్‌టాప్ కొనేటప్పుడు తెర సంగతి అడగండి

శ్రోతలకు నమస్కారం.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ పూర్తయి పిల్లలు కాలేజీల్లో చేరే రోజుల్లో ఒకసారి సికింద్రాబాద్ పార్క్ లేన్ వైపు వెళ్లి చూడండి. చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనందరం సీటీసీ అనే ఆ భవనంలో అమ్మానాన్నలు పిల్లల్ని వెంటపెట్టుకుని ఒక దుకాణం నుంచి మరో దుకాణానికి తిరుగుతూ కనిపిస్తారు. చాలామంది చేతిలో ఒక కాగితం ఉంటుంది. బంధువుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వాళ్లెవరో చెబితే రాసుకున్నది. ప్రాసెసర్ ఏది ఉండాలో రాసి ఉంటుంది. ర్యామ్ ఎంత ఉండాలో రాసి ఉంటుంది. స్టోరేజీ ఎంత ఉండాలో రాసి ఉంటుంది. తెర గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఉన్నా, 15.6 అంగుళాలు అని రాసి ఊరుకుంటారు.

ఈ పది నిమిషాల్లో ఆ తెర గురించే మాట్లాడాలని వచ్చాను. ఎందుకంటే, ర్యామ్ చాలలేదనుకోండి, చాలా మోడళ్లలో తర్వాత పెంచుకోవచ్చు. స్టోరేజీ నిండిపోతే ఇంకో పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయించుకోవచ్చు. తెర అలా కాదు. పగిలితే అలాంటిదే ఇంకొకటి వేస్తారు గానీ, నాసిరకం తెర ఉన్న లాప్‌టాప్‌కు తర్వాత మంచి తెర పెట్టించుకోవడం మామూలు మనుషులకు అయ్యే పని కాదు. కొన్న రోజున ఏ తెర వచ్చిందో, నాలుగేళ్లూ అదే తెర. పిల్లవాడు చదువుకున్నా, ప్రోగ్రాం రాసుకున్నా, ఇంటికి వీడియో కాల్ చేసినా ఆ తెరనే చూస్తూ కూర్చోవాలి.

ఈ విషయం నాకు బాగా తెలిసొచ్చేలా చేసిన మనిషి ఒకాయన ఉన్నారు. చిక్కడపల్లిలో ఉంటారు, తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతారు. మొన్నటిదాకా కాగితం మీద ఎర్ర కలంతో దిద్దేవారు. ఈ మధ్య డీటీపీ వాళ్లు ప్రింటు తీయడం మానేసి పీడీఎఫ్ ఫైలు పంపడం మొదలుపెట్టారు. ఫోనులో చదవడం కష్టమై, ఒక లాప్‌టాప్ కొనాలని నన్ను తోడు రమ్మన్నారు. ఇద్దరం సీటీసీకి వెళ్లాం.

దుకాణంలో కుర్రవాడు మంచివాడు, ఓపిక ఉన్నవాడు. బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఏదో ఆఫీసులో వాడి, బాగుచేసి అమ్మకానికి పెట్టిన 15.6 అంగుళాలది. ధర తక్కువ. రెండోది కొత్తది, 14 అంగుళాలది. మాస్టారి చూపు వెంటనే పెద్దదాని మీదకు వెళ్లింది. “వయసు మీద పడింది బాబూ, నాకు పెద్ద తెరే కావాలి” అన్నారు. “అవును సార్, పెద్దదైతే అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి” అన్నాడు కుర్రవాడు. ఈ మాట దుకాణాల్లో రోజూ వినిపించేదే.

నేను ఒక్కటే అడిగాను. మాస్టారు దిద్దుతున్న ఫైలు ఆయన ఫోనులో ఉంది. అదే పేజీని రెండు తెరల మీదా తెరవమన్నాను. అక్షరాలు రెండింటిలోనూ కంటికి ఒకే సైజులో ఉండేట్టు సర్దమన్నాను. సర్దాడు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని పెద్ద తెర మీదకు వంగారు. ఒక మాట దగ్గర ఆగారు. “ఇది ద నా, ధ నా?” అన్నారు.

మన లిపిలో ద కూ ధ కూ తేడా ఎంతండీ? కింద ఒక చిన్న గీత. డ, ఢ అంతే. ప, ఫ అంతే. ప్రూఫులు దిద్దే మనిషికి ఆ గీతే ప్రాణం. ఆ పెద్ద తెర మీద ఆ గీత అక్షరం పొట్టలో కలిసిపోయి, బూడిదరంగు మరకలా ఉంది. పక్కనున్న చిన్న తెర మీద అదే మాట, అదే సైజు, గీత విడిగా, నల్లగా, పదునుగా ఉంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో రెండు వత్తులూ దేనికది విడిగా కనిపించాయి. మాస్టారు ఇటు చూశారు, అటు చూశారు, మళ్లీ ఇటు చూశారు. “పెద్దదానిలో ఎందుకు అలుక్కుపోయింది?” అని అడిగారు.

తెర మీద మనకు కనిపించేదంతా చుక్కల ముగ్గు. ఆ చుక్కల్నే పిక్సెళ్లు అంటాం. ఆ పెద్ద తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉన్నాయి. వాటిని 15.6 అంగుళాల తెర మీద పరిస్తే అంగుళం పొడవులో 100 చుక్కలు పడతాయి. చిన్న తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1200. అవి 14 అంగుళాల్లోనే ఇమడాలి కాబట్టి అంగుళానికి 160 పడతాయి. అంగుళం పొడవు, అంగుళం వెడల్పు ఉన్న గడిలో చూస్తే ఒకదానిలో 10 వేలు, ఇంకొకదానిలో 25 వేలకు పైన. ఇప్పుడు పుస్తకంలో ఉండే మామూలు అక్షరం ఎత్తు తీసుకోండి. మొదటి తెరలో పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు, అన్నీ 16, 17 చుక్కల ఎత్తులో సర్దుకోవాలి. ఇంగ్లిషు అక్షరాలు ఎలాగో నెగ్గుకొస్తాయి. మన వత్తుల వల్ల కాదు.

“అయితే నేను లెక్కపెట్టవలసింది చుక్కలు” అన్నారు మాస్టారు. అంతకంటే చక్కగా నేను చెప్పలేను. తెలుగు చదివేవాళ్లు, తెలుగు రాసేవాళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోండి. 1920 అడ్డం, 1080 నిలువు, దీన్నే ఫుల్ హెచ్‌డీ అంటారు, దీనికి తగ్గకండి. పాత లాప్‌టాప్‌లు కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. ఆఫీసుల నుంచి వచ్చే పాత మోడళ్లలో 1366 తెరలు చాలా ఉన్నాయి. చుక్కలు ఎక్కువైతే అక్షరాలు చిన్నవైపోతాయని కొందరు భయపడతారు. సెట్టింగ్స్‌లో స్కేల్ అని ఉంటుంది, దాన్ని 125 శాతమో 150 శాతమో చేసుకుంటే అక్షరం పెద్దదవుతుంది, స్పష్టతా పోదు.

మాస్టారు అంతటితో ఆగలేదు. ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఫోనులో కూతురి పెళ్లి ఫోటో ఉంటే అదీ తెరిపించారు. గద్వాల చీర, ముదురు మెరూన్ అంచు. కొత్త లాప్‌టాప్‌లో ఆ అంచు మెరూన్‌గానే ఉంది. పాతదానిలో ఇటుకరంగులోకి దిగిపోయింది. కుర్రవాడు మూత కాస్త వెనక్కి వంచగానే ఆ రంగు కూడా పోయి, పెళ్లికూతురి ముఖం నల్లబడింది. అది టీఎన్ రకం తెర. నేరుగా చూస్తే ఒక రంగు, కోణం మారితే ఇంకో రంగు. ఐపీఎస్ రకమైతే పక్కన కూర్చున్నవాళ్లకూ రంగు దాదాపు అలాగే కనిపిస్తుంది. ఇద్దరు కలిసి చూడాలంటే ఐపీఎస్ ఉండాల్సిందే.

అయితే ఐపీఎస్ అన్న పేరొక్కటే చూసి సంతోషపడిపోకూడదు. తక్కువ ధర, మధ్యరకం ధర లాప్‌టాప్‌ల వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. తెర ఎంత మేర రంగులు చూపించగలదో చెప్పే మాట అది. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా రంగుల టీవీ కొలత. ఇప్పుడు కంప్యూటర్లకు వాడుకలో ఉన్న కొలత ఎస్‌ఆర్‌జీబీ. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఈ కొలతలో సుమారు 62 శాతం. అంటే ముదురు ఎరుపులు, నిండు ఆకుపచ్చలు ఆ తెర చూపించలేదు. ఇలాంటి తెరల్లో వెనక నుంచి వచ్చే తెల్లని వెలుగును ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా పంపితేనే మనకు రంగులు కనిపిస్తాయి. ఆ వెలుగు, ఆ వడపోతలు చౌకవైతే నిక్కమైన ఎరుపు పుట్టదు. ఇంట్లో కూర్చుని చీరలు, నగలు ఫోటోలు తీసి అమ్ముకునే ఆడపడుచులు మన నగరంలో ఎందరో ఉన్నారు. వాళ్లు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న తెరే తీసుకోవాలని నా మనవి. లేకపోతే తాము చూసి సరిచేసిన రంగు ఒకటి, కొన్నవాళ్లు ఫోనులో చూసిన రంగు ఇంకొకటి అవుతుంది.

ఇక వెలుగు. మాస్టారు పగలు వసారాలో కూర్చుని పనిచేస్తారు. అందుకని రెండు లాప్‌టాప్‌లనూ దుకాణం బయటికి, పగటి వెలుగు పడే చోటికి తెమ్మన్నాను. కుర్రవాడు విసుక్కోకుండా తెచ్చాడు. లోపల ధగధగలాడిన పాతదానిలో బయటికి రాగానే మా ముఖాలు కనిపించాయి, అక్షరాలు కనిపించలేదు. తెర వెలుగును నిట్స్ అనే కొలతలో చెబుతారు. 250 నిట్స్ రాత్రి గదిలో సరిపోతుంది. కిటికీ పక్కన పగలు చదవాలంటే 300 ఉండాలి. వసారాలో, బాల్కనీలో, కాలేజీ వరండాలో కూర్చునేవాళ్లకు 400 ఉంటే హాయి. తెర పైపూత కూడా చూడండి. నిగనిగలాడే తెరలో ట్యూబ్‌లైటు, ఫ్యాను, వెనకనున్న కిటికీ అన్నీ ప్రతిఫలిస్తాయి. మెరుపు లేని మ్యాట్ తెర చదువుకు మంచిది.

సైజు గురించి రెండు మాటలు. అంగుళాలు కొలిచేది మూల నుంచి మూలకు. 15.6 అంగుళాల తెరల్లో చాలావరకు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ, 16కు 9 నిష్పత్తి. ఇప్పుడు 14 అంగుళాలవి 16కు 10 నిష్పత్తిలో వస్తున్నాయి. రెండింటి ఎత్తు కొలిస్తే తేడా అర సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. పేజీ చదివేవాళ్లకు కావలసింది ఎత్తు. ఇబ్రహీంపట్నం దాకానో ఘట్‌కేసర్ దాకానో రోజూ బస్సులో నిలబడి వెళ్లే పిల్లల భుజానికి 14 అంగుళాలదే మేలని నా అభిప్రాయం.

ఓఎల్ఈడీ తెరలు ఇప్పుడు చాలామందిని ఆకర్షిస్తున్నాయి. వాటిలో ప్రతి చుక్కా తనంత తానే వెలుగుతుంది కాబట్టి నలుపు నిజంగా నలుపే, సినిమా చూస్తే కన్నులపండుగే. కానీ కదలని బొమ్మ ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే దాని నీడ నిలిచిపోయే అవకాశం ఉంది. వెలుగు తగ్గించినప్పుడు కొన్ని ఓఎల్ఈడీ తెరలు కంటికి కనిపించని వేగంతో మిణుకుమిణుకుమంటాయి, కొందరికి తలనొప్పి వస్తుంది. దుకాణంలో వెలుగు బాగా తగ్గించి కొద్దిసేపు చదివి చూడండి. తెర మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో హెర్ట్జ్‌లలో చెబుతారు. 120 హెర్ట్జ్, 144 హెర్ట్జ్ ఆటలు ఆడేవాళ్లకు పనికొస్తాయి. చదువుకు 60 చాలు, ఆ డబ్బు రంగుల మీద పెట్టండి.

ఇంతకీ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట వేరే ఉంది. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే మోడల్, కానీ లోపలి తెరలు రెండు మూడు రకాలు. ఒకదానిలో 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. ఇంకొకదానిలో 300 నిట్స్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. బయటి నుంచి చూస్తే రెండూ అచ్చం ఒకటే. తేడా తెలిసేది పేరు తర్వాత వచ్చే అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి నంబరులోనే. మీ పక్కింటివాళ్లు కొన్న లాప్‌టాప్ తెర బాగుందని అదే పేరు చెప్పి కొంటే, మీకు వేరే తెర రావచ్చు. మోసం ఏమీ ఉండదు, నంబరు వేరు, అంతే.

అందుకని ఆ పూర్తి నంబరు అడగండి. దాన్ని ఫోనులో కంపెనీ వెబ్‌సైటులో కొట్టి, డిస్‌ప్లే అన్న వరస పూర్తిగా చదవండి. చుక్కలు ఎన్ని, నిట్స్ ఎన్ని, రంగులు ఎంత శాతం. దుకాణదారుకు ఈ మూడూ తెలియకపోతే తప్పు పట్టకండి, మీరే చదివి వినిపించండి. ప్రదర్శనకు పెట్టినది చూసి మెచ్చుకున్నా, ఇంటికి తీసుకెళ్లేది పెట్టెలోది. పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు, మీరు చదివిన నంబరు, మూడూ అక్షరం పొల్లుపోకుండా కలిశాకే డబ్బు కట్టండి.

నమస్కారం.